పొలం ధరకు కొని సైటు హక్కు అడిగేవాళ్లకు

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నలుగురు తెలుగువాళ్లు కూర్చుంటే సినిమాల ముచ్చట అయిపోయాక వచ్చేది భూమి మాట. ఆ మాటల్లో ఒక వాదం బాగా పాతుకుపోయింది. దాన్ని వాదమని కూడా ఎవరూ అనుకోవడం లేదు, అందరికీ తెలిసిన నిజమన్నట్టే చెప్పుకుంటున్నారు. ముందు దాన్ని దాని పూర్తి బలంతో వినిపిస్తాను.

“సర్జాపుర దాటాకో, ఆనేకల్ వైపో, బన్నేరుఘట్ట అడవి అంచునో నా జీతం డబ్బుతో కాస్త నేల కొన్నాను. అది నాది. అమ్మానాన్నలతో ఉండటానికి అందులో చిన్న ఇల్లు వేసుకుంటానంటే గ్రీన్ బెల్టు అంటారు, బఫర్ జోన్ అంటారు, కన్వర్షన్ కాదంటారు. అదే రోడ్డు మీద బిల్డరు పాతిక అంతస్తులు లేపితే అడిగే దిక్కు లేదు. నేను కట్టే ఒక్క ఇంటితో చెరువు ఎండిపోతుందా, ఏనుగులు ఊరొదిలి పోతాయా? ఇళ్ల ధరలు మండిపోతున్నది ఈ ఆంక్షల వల్లే. అసలు మనం కూర్చున్న ఈ హెచ్‌ఎస్‌ఆర్ ఒకప్పుడు పొలం కాదా? రేపో మాపో ఎలాగూ రెగ్యులరైజ్ చేస్తారు. ఈలోపు అర్జీలు పట్టుకుని తిరగడం తెలివితక్కువతనం.”

ఇందులో ఒక నిజం ఉంది. చట్టం బలహీనుడి గుమ్మం ముందు తొందరగా ఆగుతుంది. ఆ ఒక్క నిజాన్ని అడ్డం పెట్టుకుని మిగతా అబద్ధాలన్నీ గట్టెక్కుతున్నాయి.

1. ‘నాది’ అంటున్నది దేన్ని?

2020లో కర్ణాటక ప్రభుత్వం 1961 నాటి భూసంస్కరణల చట్టంలోంచి 79ఎ, 79బి సెక్షన్లను తీసేసింది. అంతకుముందు సాగుతో సంబంధం లేనివాళ్లు, వేరే ఆదాయం ఏడాదికి 25 లక్షలకు మించినవాళ్లు ఇక్కడ పొలం కొనడానికి వీల్లేదు. ఆ తలుపు తెరుచుకోగానే సాఫ్ట్‌వేర్ జీతాలు పొలాల మీదికి మళ్లాయి. అప్పుడు వచ్చింది కొనే హక్కు మాత్రమే. కట్టే హక్కు ఆ సవరణతో కదల్లేదు. దాని తర్వాత కూడా పొలంలో కట్టాలంటే భూ రెవెన్యూ చట్టం 95వ సెక్షన్ కింద డిప్యూటీ కమిషనర్ (డీసీ) ఇచ్చే కన్వర్షన్ అవసరమైంది. మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు వ్యవసాయ మండలంలో పడితే దానికన్నా ముందు భూ వినియోగ మార్పు కావాలి. కొనే హక్కునూ కట్టే హక్కునూ కలిపేసి చెప్పడం బ్రోకర్ల వృత్తి, సరే. కొన్నవాళ్లు కూడా అలాగే కలిపేసుకుని నమ్మడమే విచిత్రం.

ఇక ధర సంగతి. కన్వర్షన్ అయిన భూమికీ, పక్కనే గట్టు అవతల ఉన్న కాని భూమికీ ధరలో తేడా ఎందుకుంది? మట్టి ఒకటే, నీళ్లు ఒకటే, రోడ్డు ఒకటే. కట్టకూడదన్న నిషేధం ఖరీదే ఆ తేడా. రెండో భూమిని తక్కువకు కొన్నవాడు ఆ నిషేధానికి పరిహారాన్ని కొన్న రోజే జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు అనుమతి కూడా ఇమ్మంటే ఒకే నష్టానికి రెండోసారి పరిహారం అడుగుతున్నట్టే. ఆ రెండో పరిహారం ఎవరిచ్చేది? పొలం ధరకే అమ్ముకుని వెళ్లిపోయిన రైతు. అనుమతి వస్తుందని తెలిస్తే అతను ఆ ధరకు ఇచ్చేవాడా?

ఇంగ్లండ్‌లో 1947 చట్టంతో నిర్మాణ హక్కును యాజమాన్యం నుంచి విడదీసినప్పుడు, అప్పటికే భూమి ఉన్నవాళ్లు పోగొట్టుకునే విలువ కోసం 30 కోట్ల పౌండ్ల నిధి పక్కన పెట్టారు. అది న్యాయమైన ఆలోచన. ఆంక్ష కన్నా ముందు ఎవరి చేతిలో నేల ఉందో వాళ్లు నష్టపోతారు. మన హెచ్‌ఎస్‌ఆర్ కొనుగోలుదారు ఆ వరసలోకి రాడు. బెంగళూరుకు గ్రీన్ బెల్టు గీసింది 1984 ప్రణాళిక. అప్పటికి మనలో చాలామంది పలక కూడా పట్టలేదు.

2. ఒక్క ఇల్లే కదా

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు జవాబు చెప్పి పాతికేళ్లు దాటింది. అదీ తెలుగు నేల మీది కేసులోనే. శంషాబాద్ దగ్గర ఆముదం నుంచి ఉత్పత్తులు తీసే ఒక కర్మాగారం పెట్టాలనుకున్నారు. ఆ స్థలం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు పది కిలోమీటర్ల లోపు ఉంది. కాలుష్య నియంత్రణ మండలి కాదంది. రాష్ట్ర ప్రభుత్వం మాత్రం ఆ ఒక్క కర్మాగారానికి మినహాయింపు ఇచ్చింది. అన్ని జాగ్రత్తలూ తీసుకుంటామని యాజమాన్యం చెప్పుకుంది. 1999లో, మళ్లీ 2000లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. లక్షల మంది తాగే నీటి విషయంలో ఒక్కరికి మినహాయింపునిచ్చే అధికారం ప్రభుత్వానికి కూడా లేదని తేల్చింది.

‘ఒక్కటే’ అన్న మాట అడిగేవాడికి ఎప్పుడూ నిజమే. ప్రతివాడూ ఒక్కటే అడుగుతాడు. మంజూరు చేసే బల్ల అవతల నిలబడి చూస్తేనే అది అబద్ధమని తెలుస్తుంది. పదెకరాల చేను తీసుకోండి. ఎకరానికి నలభై గుంటలు, అంటే నాలుగు వందల గుంటలు. దారులు పోగా అయిదేసి గుంటల ముక్కలు అరవై దాకా వస్తాయి. అరవై బోర్లు. అరవై సెప్టిక్ ట్యాంకులు. వాటికి కంకర రోడ్లు, ట్రాన్స్‌ఫార్మరు, ప్రహరీలు. చివరగా ఒక సంఘం, ఆ సంఘం తరఫున కావేరి కనెక్షన్ కోసం అర్జీ. అంతకుముందు ఆ చేను తాగిన వాన ఇప్పుడు రోడ్డు మీదికి వస్తుంది.

ఇలాంటి ఒక ‘ఫామ్ ప్రాజెక్టు’ చూడటానికి ఒకసారి తోడు వెళ్లాను. గ్రానైటు రాళ్ల మీద ఎర్ర రంగుతో నంబర్లు. మధ్యలో వాన నీళ్లు పారే పల్లం ఉంది. పడగొట్టిన ఇళ్ల పెంకులు, టైల్స్ ముక్కలు, సిమెంటు గడ్డలు పోసి దాన్ని పూడుస్తున్నారు. “ఇది కాలువ కదా?” అంటే, “ఓల్డ్ మ్యాప్‌లో ఉంది సార్, ఇప్పుడు నీళ్లు రావడం లేదు” అన్నాడు సేల్స్ కుర్రాడు. నీళ్లు ఎందుకు రావడం లేదో అతను నిలబడిన చోటే తెలుస్తోంది. బ్రోచర్‌లో మాత్రం ఆ పల్లం ఉన్న చోట ‘యోగా లాన్’ అని రాసి ఉంది.

మడివాళ చెరువు నిండితే అగర, అగర నిండితే బెళ్లందూరు, అక్కణ్నుంచి వర్తూరు, ఆపైన దక్షిణ పినాకిని. హెచ్‌ఎస్‌ఆర్ ఈ గొలుసుకట్టు పక్కనే ఉంది. 2022 సెప్టెంబరు మొదటి వారంలో సర్జాపుర రోడ్డు పక్క విల్లాల్లోంచి కోట్ల ఆస్తిపరులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఆ వాన ఎవరి ఒక్క ఇంటి వల్లా వరద కాలేదు. ఒక్కొక్క ఇంటి వల్ల అయింది. రెండేళ్లు తిరక్కుండానే 2024 మార్చిలో దానికి పూర్తి వ్యతిరేకం చూశాం. నగరంలోని దాదాపు 14 వేల ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ముఖ్యమంత్రి సిద్ధరామయ్యే చెప్పారు. తాగేనీళ్లతో కారు కడిగితే 5 వేల జరిమానా. నీరు ఇంకే నేలను మూసేస్తే వానాకాలం ముంచుతుంది, ఎండాకాలం మాడుస్తుంది. ఇదేమీ పెద్ద శాస్త్రం కాదు.

దీంట్లో తెలుగువాళ్లకు మరో లెక్క కూడా ఉంది. పెన్న, చిత్రావతి రెండూ చిక్కబళ్లాపురం వైపు కొండల్లోనే పుడతాయి. ఒకటి హిందూపురం మీదుగా, ఇంకోటి పుట్టపర్తి మీదుగా పారాలి. నంది కొండల కింద ‘వీకెండ్ హోమ్’ కొనే అనంతపురం బిడ్డ తన ఊరి చెరువు ఎందుకు నిండటం లేదని పండగకు పోయినప్పుడు నిట్టూరుస్తాడు.

ఫామ్‌హౌస్‌కు అనుమతి అక్కర్లేదు కదా అంటారు. నిజమే, 95వ సెక్షన్ సాగుదారుకు ఆ వెసులుబాటు ఇచ్చింది. షరతులు కూడా అక్కడే ఉన్నాయి. ఇల్లు కమతంలో పదో వంతుకు మించకూడదు, సాగుదారు సొంత వాడకానికే ఉండాలి, వ్యాపారానికి అద్దెకివ్వకూడదు. అయిదు గుంటలకు పదో వంతు 544 చదరపు అడుగులు. బ్రోచర్లలో కనబడేవి డూప్లెక్సులు, ఈతకొలను, పైగా ‘అద్దె రాబడి గ్యారంటీ’. చట్టం వద్దన్న దాన్నే ఆకర్షణగా అచ్చువేస్తున్నారు.

3. పెద్దవాళ్లు కట్టలేదా?

కట్టారు. అగర, బెళ్లందూరు చెరువుల మధ్య తడి నేలలో రెండు భారీ ప్రాజెక్టులు లేచాయి. పౌర సంఘాలు కోర్టుకెక్కితే 2015 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఒకదానికి 117 కోట్లకు పైగా, ఇంకోదానికి 22.5 కోట్లు జరిమానా వేసింది. మరుసటి ఏడాది చెరువుల చుట్టూ కట్టడాలు వద్దనే బఫర్‌ను 75 మీటర్లకు పెంచింది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ పెంపును కొట్టేసింది, మాస్టర్ ప్లాన్‌ను మార్చే అధికారం ట్రిబ్యునల్‌కు లేదని. అటుపై 2025లో కర్ణాటక శాసనసభ చెరువు విస్తీర్ణాన్ని బట్టి బఫర్‌ను కుదించే బిల్లును ఆమోదించింది. పెద్ద చెరువుకు 30 మీటర్లు, ఎకరం లోపు వాటికి 3, అయిదు గుంటల లోపు కుంటలకు ఏమీ అక్కర్లేదు. బన్నేరుఘట్ట చుట్టూ పర్యావరణ సున్నిత మండలం 2016 ముసాయిదాలో 268.96 చదరపు కిలోమీటర్లు. 2020లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి 168.84కు దిగింది. ఆ వంద చదరపు కిలోమీటర్లు ఎవరి కోసం పోయాయో ఊహించడం కష్టం కాదు.

ఇంతవరకూ మన మిత్రుడూ నేనూ ఒక్కటే. ఇక్కణ్నుంచి అతను చేసే గెంతు చూడండి. ‘వాళ్లకు తప్పును వదిలేశారు కాబట్టి నాకూ వదిలేయాలి.’ దీంట్లో తర్కం ఎక్కడుంది? వాళ్లనూ ఆపాలనడం న్యాయం. నాకూ వాటా ఇవ్వమనడం బేరం. ఆ బేరం తెగిన ప్రతిసారీ లాభపడేది మళ్లీ ఆ పెద్దవాళ్లే. ఎందుకంటే చిన్న ఇళ్ల పేరు చెప్పి సడలించిన ప్రతి నిబంధనలోంచీ ముందుగా దూరేది టవర్ క్రేనే. బఫర్ కుదింపు వల్ల నీ అయిదు గుంటలకు కలిసొచ్చేది నాలుగు అడుగులు, బిల్డరుకు ఒక బ్లాకు.

అమలు ఆలస్యమైతే ఏమవుతుందో హైదరాబాద్ చూపించింది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను కూల్చే హైడ్రా సంస్థ వచ్చింది. ఆగస్టులో మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర సినీ నటుడి కన్వెన్షన్ సెంటర్‌ను కూల్చినప్పుడు చప్పట్లు కొట్టాం. సెప్టెంబరులో అదే జేసీబీ నల్లచెరువు దగ్గర చిన్నవాళ్ల షెడ్ల ముందుకు వచ్చింది. సామాన్లు తీసుకోవడానికి కూడా టైమివ్వలేదని వాళ్లు ఏడ్చారు. అమీన్‌పూర్‌లో ఆదివారం పూట కూల్చివేతలేమిటని హైకోర్టు నిలదీసింది. కట్టకముందు ‘వద్దు’ అని చెప్పే ఆఫీసు క్రూరమైనదిగా కనిపిస్తుంది. కట్టాక వచ్చేది ఎంత క్రూరమో ఆ షెడ్లవాళ్లకు తెలుసు.

4. హెచ్‌ఎస్‌ఆర్ మాత్రం పొలం కాదా?

అన్నిటికన్నా గట్టి ప్రశ్న ఇదే. అవును, పొలమే. అగర, జక్కసంద్ర, హరళకుంటె రైతుల నేల. 1980లలో బెంగళూరు అభివృద్ధి సంస్థ (బీడీఏ) దాన్ని సేకరించి సెక్టార్లుగా కోసింది. ఆ సేకరణలో రైతులకు దక్కింది న్యాయమైన ధర అని నేను అనను. కానీ ఒక తేడా ఉంది. ఆ నేలను ఊరుగా మార్చాలన్న నిర్ణయం బహిరంగంగా జరిగింది. నోటిఫికేషన్ వచ్చింది, అభ్యంతరాలకు గడువు వచ్చింది, పార్కులకూ రోడ్లకూ స్థలం విడిచారు. ఇప్పుడు ఊరి బయట జరుగుతున్నది సర్వే నంబరు తర్వాత సర్వే నంబరు, ఎవరికివారు చాటుగా తీసుకునే నిర్ణయం. రోడ్డు, డ్రైనేజీ తర్వాత కార్పొరేషన్ చూసుకుంటుందిలే అనుకుంటారు. కార్పొరేషన్ అంటే అక్కడ ఒక్క గుంట కూడా కొననివాళ్లు కట్టే పన్ను.

ఇంత ప్రణాళికతో వేసిన హెచ్‌ఎస్‌ఆర్‌లోనే పల్లపు సెక్టార్లలో గట్టి వాన పడితే బేస్‌మెంట్లలో కార్లు తేలుతున్నాయి. ప్రణాళిక ఉన్న చోటే ఇలా ఉంటే లేని చోట ఇంకెలా ఉంటుంది? హెచ్‌ఎస్‌ఆర్‌ను సాక్ష్యానికి పిలిచినవాళ్లు దాని సాక్ష్యాన్ని పూర్తిగా వినాలి. ఒకసారి పొలం పోయింది కాబట్టి మిగిలిందీ పోవాలనడానికి అది సాక్ష్యం చెప్పడం లేదు. 1984లో 839 చదరపు కిలోమీటర్లు అనుకున్న గ్రీన్ బెల్టు 1995 ప్రణాళిక నాటికి 682 అయింది. ఈ ‘ఒకప్పుడు పొలం కాదా’ అన్న ప్రశ్న ఆ పదకొండేళ్లలో ఎన్నిసార్లు వినబడి ఉంటుందో!

ఒక ఫిర్యాదును మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. 2007లో ఆమోదం పొందిన, 2015 వరకని వేసిన ప్లానుతోనే ఈ నగరం ఇంకా బండి లాగుతోంది. 2031 ముసాయిదా 2017లో వచ్చి, 2020లో వెనక్కి పోయింది. పాత మ్యాపు పట్టుకుని కొత్త అర్జీని తిరస్కరిస్తే ఎవరికైనా మండుతుంది. దానికి మందు కొత్త ప్లాను వేయమని పట్టుబట్టడం.

5. ఇళ్ల ధరలు

దీని మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇల్లు లేక బాధపడుతున్నవాడు మంగమ్మనపాళ్యలో ఒక గదికి అద్దె కట్టలేక ఉన్నాడు. అతనికి ఊరి బయట మామిడి తోటలో కాటేజీ అక్కర్లేదు. అడవి అంచున లేచే రెండో ఇంటికి అతని పేరు వాడుకోవడం సిగ్గుచేటు. ఖాళీగా పిచ్చిమొక్కలు మొలుస్తున్న బీడీఏ సైట్లు హెచ్‌ఎస్‌ఆర్‌లోనే వీధికొకటి కనిపిస్తాయి. ధర పెరుగుతుందని వాటిని అట్టిపెట్టుకున్నవాళ్లలో ఈ వాదం చేసే పెద్దమనుషులూ ఉన్నారు.

6. మరి రైతు?

ఈ వాదంలో ఒక్క పాత్రే నిజంగా గాయపడింది. అది మాట్లాడేవాడు కాదు. తరాలుగా అక్కడే ఉండి, కొడుకు పెళ్లికి ఒక గది వేసుకోవడానికి కూడా తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగే రైతు. అతనికి గ్రామఠాణా, అంటే ఊరి నివాస స్థలం, హద్దులు పెంచాలి, సొంత ఇంటి అనుమతి గడువులోగా ఇవ్వాలి. దాంట్లో రెండో మాట లేదు. కానీ రైతు కష్టాన్ని ముందు పెట్టి వెనక ఎవరు నిలబడతారో హైదరాబాద్ 111 జీవో చరిత్ర చెబుతుంది.

1908 సెప్టెంబరు మూసీ వరద వేల ప్రాణాలు తీశాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. వాటి పరీవాహకాన్ని కాపాడటానికి 1996 మార్చి 8న వచ్చింది 111 జీవో. 84 గ్రామాలు, లక్షా 32 వేల ఎకరాలు. ఆ గ్రామాల రైతులు పాతికేళ్లకు పైగా ఒకే మాట అడిగారు. నగరం మా నీళ్లు తాగుతుంది, మా నేలకు ధర రానివ్వదు, ఈ భారం మాకొక్కరికేనా? న్యాయమైన ప్రశ్న. ప్రభుత్వాలు ఏం చేయవచ్చు? నీటి బిల్లులోంచి ఏటా ఎకరాకింత ఇవ్వవచ్చు. అక్కడ కట్టని అంతస్తులను నగరంలో వేరేచోట కట్టుకునేలా టీడీఆర్ బాండ్లు ఇచ్చి అమ్ముకోనివ్వవచ్చు. ఏ ప్రభుత్వమూ ఇవి చేయలేదు. చివరికి 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆంక్షలు సడలించి, 2023 మేలో మంత్రివర్గం మొత్తం ఎత్తేయాలని నిర్ణయించింది. అప్పటికే ఎన్నో ఎకరాలు ఆంక్షల ధరకు చేతులు మారాయి. ఆంక్షలున్నన్నాళ్లూ నష్టం రైతుది, అవి పోయిన రోజున లాభం ఇంకొకరిది.

కాబట్టి ‘రైతు కోసం గ్రీన్ బెల్టు ఎత్తేయండి’ అని ఎవరైనా అంటే మొదట అడగాల్సింది పాసు పుస్తకం ఎవరి పేరున, ఏ ఏడు నుంచి ఉందని.

7. ఎలాగూ రెగ్యులరైజ్ చేస్తారు

ఇదొక్కటే వాదనగా కాక జోస్యంగా వస్తుంది. చాలాసార్లు నిజమైంది కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 డిసెంబరు 31న కట్టడాలకు బీపీఎస్, లేఅవుట్లకు ఎల్‌ఆర్‌ఎస్ పేరుతో క్రమబద్ధీకరణ జీవోలు వచ్చాయి. ఇదే చివరిసారి అన్నారు. తెలంగాణలో 2015లో మళ్లీ వచ్చింది, 2020లో మళ్లీ వచ్చింది. ఆ చివరిదానికి 25 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఒక్కో చివరిసారి తర్వాతి చివరిసారికి జనాన్ని కూడగట్టింది. అనుమతి తీసుకుని, సెట్‌బ్యాక్ వదిలి, ఫీజు కట్టి ఇల్లు వేసుకున్నవాడు ఈ మొత్తంలో మూర్ఖుడిగా మిగిలాడు.

ఈ జోస్యం ఇప్పుడు అంత నిక్కచ్చిగా లేదు. కర్ణాటకలో ఇలాంటిదే అయిన అక్రమ-సక్రమ పథకాన్ని 2017 జనవరిలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. 2024 డిసెంబరు 17న అదే కోర్టు ఇంకో కేసులో గట్టిగానే చెప్పింది. ఏళ్లు గడిచాయనీ, డబ్బు పెట్టామనీ, అధికారులు ఊరుకున్నారనీ అక్రమ కట్టడం సక్రమం కాదు. కంప్లీషన్ సర్టిఫికెట్ లేనిదే కరెంటు, నీళ్లు ఇవ్వకూడదు, బ్యాంకులు లోను కూడా ఇవ్వకూడదు. ఆ తర్వాత ఈ నగరంలో ఎన్ని కొత్త ఇళ్లు మీటరు కోసం కాచుకున్నాయో అందరికీ తెలుసు. ప్రభుత్వం 1,200 చదరపు అడుగుల సైట్లకు కొంత మినహాయింపు వెతికింది. అది ముప్పై-నలభై సైటులో తలదాచుకునేవాడి కోసం. తోటలో విల్లాకు కాదు.

ప్రభుత్వాల నుంచి అడగాల్సింది అడుగుదాం. పొలం రిజిస్ట్రేషన్ పత్రం మొదటి పేజీలోనే, కొనేవాడి సంతకం పక్కన, ఆ సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో, అక్కడ ఏం కట్టకూడదో కన్నడంలోనూ, కొనేవాడికి తెలిసిన భాషలోనూ రాయాలి. ‘ఫ్యూచర్‌లో కన్వర్షన్ అవుతుంది సార్’ అని అమ్మినవాడిని ఆ మాటకే బోనులో నిలబెట్టాలి. పాత రైతుకు టీడీఆర్ ఇవ్వాలి, అదీ ఆంక్ష వచ్చిన నాటి హక్కుదారుకూ అతని వారసులకూ మాత్రమే. రెగ్యులరైజేషన్‌లో ఎప్పుడు కొన్నా సరే గ్రీన్ బెల్టూ, చెరువు బఫరూ, అడవి అంచూ ఉండకూడదు. కట్‌ఆఫ్ తేదీ అనే మాటే ఉండకూడదు.

ఇక కొనేసినవాళ్లు ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. వాళ్ల చేతిలో మామిడి, సపోటా, రాగి పండే నేల ఉంది. ఆదివారం పోయి చెట్ల కింద కూర్చోవడానికి ఏ ఆఫీసు అనుమతీ అక్కర్లేదు. అమ్మాలనుకుంటే పొలం ధర వస్తుంది, ఎందుకంటే వాళ్లు కొన్నదీ పొలమే.